ఉపాధ్యాయుల యోగ్యతాపత్రములు: ప్రోత్సాహమును చేయూతయు - ఒక చారిత్రక పరిశీలనము

బడిలో పాఠము చెప్పువానికి ప్రభుత్వముద్ర గల యోగ్యతాపత్రము ఉండవలెనను నియమము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది కాదు. వీధియరుగుపై బడి పెట్టుకొన్న అయ్యవారిని ఏ పరీక్షలో నెగ్గితివని అడిగినవారు లేరు. ఊరివారు అతని నడవడి నెఱుగుదురు. అతని తండ్రి నెఱుగుదురు. తమ పిల్లవాడు ఎక్కములును పద్యములును అప్పగించు తీరును బట్టి గురువు సామర్థ్యమును నిర్ణయించుకొందురు. ఆ స్థితి నుండి, పత్రము లేనివాడు తరగతిగదిలో అడుగుపెట్టరాదను స్థితికి వచ్చుటకు దాదాపు రెండువందల యేండ్లు పట్టినది. ఈ కాలమున నిబంధనలు, గ్రాంటులు, పరీక్షలు ఎట్లు ఏర్పడినవో తెలుపు గ్రంథములు కలవు. కాని ఉద్యోగములో నున్న ఉపాధ్యాయుని ఆ పరీక్షకు ప్రేరేపించినవారెవరు, అతనిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని చదివించినవారెవరు, అతడు చదువుకొను నెలలలో అతని యింటికి బియ్యము ఎక్కడనుండి వచ్చినవి అను ప్రశ్నలు అంతగా విచారింపబడలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నలను గూర్చినది.

ఇప్పుడు ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము లేకపోలేదు. 2025 సెప్టెంబరు 1వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఒక తీర్పు వెలువరించినది. విద్యాహక్కు చట్టము రాకమునుపే నియమితులై, పదవీవిరమణకు ఐదేండ్లకు మించి సర్వీసు మిగిలియున్న ఉపాధ్యాయులు సైతము రెండేండ్లలోగా ఉపాధ్యాయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కావలెననియు, కానివారు ఉద్యోగమును వదలుకొనవలసియుండుననియు ఆ తీర్పు సారాంశము. ఐదేండ్లలోపు మిగిలినవారు పరీక్ష లేకయే కొనసాగవచ్చును గాని వారికి పదోన్నతి లేదు. ఇరువదియేండ్లు, ఇరువదియైదేండ్లు పాఠములు చెప్పినవారు మరల విద్యార్థులై పుస్తకము పట్టుకొనవలసి వచ్చినది. న్యాయస్థానము తీర్పులోని ధర్మాధర్మములను విచారించుట నా పని కాదు. ఇట్టి ఆజ్ఞలు మన ప్రాంతమునకు క్రొత్తవి కావు. ధనసహాయము కొన్నినాళ్లు ఉన్నది, కొన్నినాళ్లు లేదు. నేర్చువాని ప్రక్కన నేర్పువానిని కూర్చుండబెట్టుట మాత్రము కాగితముమీద పలుమార్లు వ్రాయబడి ఆచరణలో పలుమార్లు జారిపోయినది. అది నిలిచినచోట్ల హెచ్చుగా వ్యక్తుల వలన నిలిచినది. నేను చూపదలచినది ఇంతమాత్రమే.

చరిత్ర మదరాసులో మొదలగుచున్నది. 1789లో ఎగ్మూరునందలి సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు పర్యవేక్షకుడయ్యెను. ఒకనాడు అతడు గుఱ్ఱముపై పోవుచు ఒక దేశీయపాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రేళ్లతో అక్షరములు దిద్దుట చూచెను. ఆ పద్ధతిని తన ఆశ్రమమున పెట్టబూనగా అచ్చటి ఉపాధ్యాయులు సహకరింపలేదు. అంతట బెల్ ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కెన్ అను ఒక సైనికుని కుమారుని పిలిచి, చిన్నపిల్లలకు అక్షరములు నేర్పుమని అప్పగించెను. పిల్లవాడు నేర్పెను. నేర్చినవాడు తరువాతివానికి నేర్పు ఈ ఏర్పాటును బెల్ స్వదేశమునకు మరలిన పిమ్మట 1797లో లండనులో ప్రకటించెను. అది అచ్చట మదరాసు పద్ధతి యను పేర ప్రసిద్ధమయ్యెను. పెద్దపిల్లవాడు చిన్నవానికి దిద్దబెట్టుట మన వీధిబడులలో నిత్యము జరిగినదే. ఇంగ్లండువారు దీనిని చౌకగా పాఠశాలలు నడుపు ఉపాయముగా గ్రహించిరి. ఇందు మఱియొక సూక్ష్మము కలదు. బోధనము పుస్తకమువలన గాక బోధించువాని ప్రక్కన నిలిచి నేర్చుకొనవలసిన పని యను ఎఱుక ఇందున్నది. శిక్షణకళాశాలల చరిత్ర అంతయు ఈ యెఱుకను పొందుటయు పోగొట్టుకొనుటయు గానే నాకు కనబడును.

1822లో మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో ప్రతి జిల్లాలోని పాఠశాలల లెక్క తెలుపుమని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. వచ్చిన నివేదికలలో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపినది మనకు ముఖ్యమైనది. ఇతడు తెలుగునకు వ్యాకరణము వ్రాసినవాడు. భాష తెలిసి బడులను చూచినవాడు. బళ్లారి జిల్లాలో ఆనాడు 533 పాఠశాలలు, వానిలో 6,641 మంది విద్యార్థులు. కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. పిల్లలు పరస్పరము నేర్పుకొను పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొనెను. ఇంగ్లండు దీనిని అనుకరించుట సముచితమే యనెను. కాని మఱియొక మాటయు నిర్దాక్షిణ్యముగా చెప్పెను. బడిలో వల్లెవేయించు పద్యముల భాష వాడుకభాషకు దూరమనియు, పిల్లవాడు చిలుకవలె పలుకుట తప్ప అర్థము నెఱుగడనియు, పెక్కుచోట్ల అయ్యవారికే ఆ యర్థము తెలియదనియు అతని అభియోగము. అనగా లోపము పిల్లవానియందు గాదు, గురువు తయారైన తీరునందు. ఎనుబదియేండ్ల పిమ్మట గిడుగు రామమూర్తిగారు ఎత్తిన వివాదమునకు ఈ నివేదికలో బీజములు కానవచ్చుట పరిశోధకులు గమనింపదగినది.

నివేదికలన్నియు చేరిన తరువాత మన్రో 1826 మార్చి 10వ తేదీన తన అభిప్రాయపత్రమును వ్రాసెను. రాజధాని మొత్తమునకు 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు అని అందు లెక్క గలదు. ఈ సంఖ్యలను చరిత్రకారులు పెక్కుమార్లు ఉదాహరించిరి. ఆ పత్రములో ఉపాధ్యాయుని జీతమును గూర్చి యున్న భాగము మాత్రము అంతగా ఉదాహరింపబడదు. సామాన్యముగా బడిపంతులు నెలకు ఆఱేడు రూపాయలకు మించి గడింపలేడనియు, తగిన యోగ్యత గలవానిని ఈ వృత్తికి ఆకర్షించుటకు అది చాలదనియు మన్రో స్పష్టముగా వ్రాసెను. అజ్ఞానము ఉపాధ్యాయులకును ఉన్నది. కాని విద్య హీనస్థితికి ముఖ్యకారణములు దానికి ప్రోత్సాహము కొఱవడుటయు, ప్రజల దారిద్ర్యమును అని అతని నిర్ణయము. కావున మదరాసులో ఉపాధ్యాయులను తయారుచేయు ఒక కేంద్రపాఠశాలను, ఒక్కొక్క కలెక్టరు జిల్లాకు హిందువులకొకటి ముసల్మానులకొకటి చొప్పున ప్రధానపాఠశాలలను, తాలూకాలలో తహసీలుదారీ పాఠశాలలను అతడు ప్రతిపాదించెను.

ప్రతిపాదనలోని లెక్కను కొంచెము వివరముగా చూడవలెను. నలువది జిల్లాపాఠశాలల ఉపాధ్యాయులకు నెలకు పదునైదేసి రూపాయల చొప్పున 600. మూడువందల తహసీలుదారీ పాఠశాలల వారికి తొమ్మిదేసి చొప్పున 2,700. ఉపాధ్యాయులను తయారుచేయుచు పుస్తకములు అచ్చువేయు పాఠ్యపుస్తక సంఘమునకు 700. మొత్తము నెలకు 4,000 రూపాయలు, ఏడాదికి 48,000. బాలుర యొద్ద పుచ్చుకొను రుసుము ఉపాధ్యాయునకు దీనికి అదనము. నెలకు నాలుగువేలలో ఏడువందలు, అనగా ఆఱవవంతు కంటె హెచ్చు, ఉపాధ్యాయుల తయారీకిని పుస్తకములకును కేటాయించిన ఈ లెక్క వేసినవాడు విద్యాశాఖాధికారి కాడు, సైనికుడు. దత్తమండలములలో ఏడేండ్లు గుడారములలో తిరిగి రైతుల భూములు కొలిపించినవాడు. అతనికి బడిపంతులును రైతును ఒకే తీరుగ కనబడిరేమో! పంట కావలెనన్న ముందు విత్తనమునకు సొమ్ము పెట్టవలెనని తెలిసినవాని లెక్క ఇది.

1827 జూలై 6వ తేదీన కర్నూలు మండలములోని పత్తికొండలో విషూచివలన మన్రో మరణించెను. పథకము అనాథమయ్యెను. 1830 తరువాత కంపెనీ డైరెక్టర్ల దృష్టి పైతరగతులవారి ఉన్నతవిద్యమీదికి మరలెను. 1836లో జిల్లా, తహసీలుదారీ పాఠశాలలు రద్దయ్యెను. మదరాసునందలి కేంద్రపాఠశాల కాలక్రమమున ఇంగ్లీషు హైస్కూలుగా మాఱి ప్రెసిడెన్సీ కళాశాలకు పునాదియయ్యెను. ఉపాధ్యాయులను తయారుచేయుటకు పుట్టిన సంస్థ ఉద్యోగులను తయారుచేయు సంస్థగా పరిణమించుట గమనార్హము. ఇట్టి పరిణామము మన దేశమున అది మొదటిది, కడపటిది కాదు.

1854 జూలై 19వ తేదీ గల చార్లెస్ వుడ్ విద్యాపత్రము ఈ చరిత్రలో తరువాతి మైలురాయి. ఆ పత్రము గ్రాంటు పద్ధతికి మూలమనియు, విశ్వవిద్యాలయములకు మూలమనియు విద్యార్థులందఱు చదువుకొన్నదే. ఉపాధ్యాయులను గూర్చి అందున్న భాగము ఇంగ్లండునందలి ఒక పద్ధతిని ఆదర్శముగా చూపుచున్నది. ఆ పద్ధతి 1846లో కే షటిల్‌వర్తు ఏర్పఱచినది. పదుమూడేండ్ల బాలుడు ఒక ప్రధానోపాధ్యాయుని యొద్ద ఐదేండ్లు శిష్యోపాధ్యాయుడుగ ఉండును. పగలు చిన్నతరగతులకు పాఠము చెప్పును. బడివేళలకు వెలుపల దినమునకు గంటన్నర గురువువద్ద చదువుకొనును. బాలునకు ఏటికి పది పౌనులతో మొదలై ఇరువది వఱకు పెరుగు వేతనము. గురువునకును వేఱుగ ప్రతిఫలము గలదు: ఒక శిష్యుడున్న ఐదు పౌనులు, ఇద్దఱున్న తొమ్మిది. శిష్యుడు ఇన్‌స్పెక్టరు పెట్టు వార్షికపరీక్షలో నెగ్గిననే గురువునకు ఆ సొమ్ము ముట్టును.

వుడ్ పత్రము ఈ మెట్లన్నిటిని వరుసగా పేర్కొన్నది. యోగ్యులగు బాలురను ఎన్నుకొని వేతనమిచ్చుట, వారికి బడివేళలు కాని సమయమున నేర్పు గురువులకు స్వల్పప్రతిఫలము నిచ్చుట, తగినవారిని నార్మలు స్కూళ్లకు పంపుట, శిక్షణ ముగిసిన పిదప యోగ్యతాపత్రము నిచ్చుట, ఉద్యోగమున చేరినపుడు చాలినంత జీతము లభించునట్లు చూచుట. మదరాసునుండి బయలుదేఱిన బెల్ పద్ధతి ఇంగ్లండులో అర్ధశతాబ్ది తిరిగి, మార్పులు చెంది, ఈ రూపమున మరల మదరాసునకు వచ్చినదని చెప్పవచ్చును. ఐనను తిరిగివచ్చినదంతయు ఇచ్చట నాటుకొనలేదు. 1856లో మదరాసు వేపేరిలో ప్రభుత్వ నార్మలు స్కూలు ఏర్పడెను. అదియే పిమ్మట సైదాపేట బోధనకళాశాల. యోగ్యతాపత్రములు శ్రేణులవారిగా ఏర్పడెను. తయారుచేసిన గురువునకు ప్రతిఫలమను మెట్టు మాత్రము మన విద్యావ్యవస్థలో బలముగా నిలువలేదు. దానిని వ్యర్థవ్యయముగ ఎంచుట సులభము. ఏలయన అది తీసివేసినను భవనము కనబడును, పత్రము కనబడును, పరీక్షాఫలితము కనబడును. సాయంకాలము గంటన్నర లేకపోవుట ఎవరికిని కనబడదు.

పత్రమునకు ధనాకర్షణ మాత్రము మదరాసులో గట్టిగా ఏర్పడినది. ఉపాధ్యాయుని యోగ్యతాశ్రేణిని బట్టి అతని జీతములో కొంతభాగమును ప్రభుత్వము పాఠశాలయాజమాన్యమునకు గ్రాంటుగా చెల్లించు పద్ధతి ఇచ్చట అమలులో నుండెను. 1882లో హంటరు సంఘము బొంబాయిలోని ఫలితానుసారపు గ్రాంటులతో పోల్చి దీనిని మదరాసు రాజధాని లక్షణముగా పేర్కొన్నది. దీనివలన లాభము కలిగినది, కాదనరాదు. పత్రము గలవానిని నియమించుకొనుటకు యాజమాన్యములు ఉత్సహించినవి. అయితే ఉన్న ఉపాధ్యాయుని చదివించుటకంటె, చదివి వచ్చిన క్రొత్తవానిని తెచ్చుకొనుట యాజమాన్యమునకు చౌక. శిక్షణకు పంపిన ఉపాధ్యాయుని స్థానమున ఏడాదిపాటు వేఱొకరిని పెట్టవలెను. అతడు తిరిగి వచ్చి మఱియొక బడికి పోయిన ఎవరేమి చేయగలరు? గ్రాంటు పత్రమును మెచ్చినది గాని పత్రమునకు చేరు దారిని పట్టించుకొనలేదు. ఉన్నతపాఠశాలలలో స్థిరమైన ఉద్యోగమునకు బోధనసూత్రములలోను బోధనాభ్యాసములోను పరీక్ష తప్పనిసరి చేయవలెనని హంటరు సంఘము సిఫారసు చేసెను. ఆ దశకముననే మదరాసు విశ్వవిద్యాలయము ఎల్.టి. పట్టమును నెలకొల్పెను. తెలుగు జిల్లాలకు తమ శిక్షణకళాశాల 1894లో రాజమహేంద్రవరమున లభించెను. అంతవఱకు విజయనగరము వాడైనను కడప వాడైనను పట్టము కావలెనన్న సైదాపేటకు పోవలసినదే.

సైదాపేటను తలచినపుడు ఒక విషయము జ్ఞప్తికి వచ్చును. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగమున చేరిన పిమ్మట ఎల్.టి. శిక్షణకై 1910లో సైదాపేటకు పంపబడిరి. మనస్తత్త్వశాస్త్రమున ఆయనకున్న పరిచయమును చూచి, అచ్చటి ఆచార్యుడు ఆయనను విద్యార్థిగా కూర్చుండబెట్టుటకు మాఱు సహాధ్యాయులకు ఉపన్యాసములు చెప్పుమని కోరెను. ఆ ఉపన్యాసములే 1912లో మనస్తత్త్వశాస్త్ర సారమను ఇంగ్లీషు గ్రంథముగా అచ్చయ్యెను. ఈ కథను రాధాకృష్ణన్‌గారి ప్రతిభకు నిదర్శనముగా చెప్పుదురు. ఆ ఆచార్యుని విజ్ఞతకు కూడ నిదర్శనముగా చెప్పవలసియున్నది. ఉద్యోగము చేయుచు పత్రము కొఱకు వచ్చినవాడు ఏమియు తెలియని బాలుడు కాడనియు, అతనికి తెలిసినదానిని పదుగురికి పంచనిచ్చుటయు శిక్షణమే యనియు అతడు గ్రహించెను. మనము ఏటేట ఉపాధ్యాయదినోత్సవము జరుపుకొనుచున్నది ఒక శిక్షణార్థి పుట్టినదినముననే గదా!

ఇట్టి భాగ్యము లేనివారి మాట యేమి? దీనికి గిడుగు రామమూర్తిగారి జీవితముకంటె మంచి సాక్ష్యము నాకు తెలియదు. 1863లో పుట్టిన ఆయన మెట్రిక్యులేషను ముగించి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్నతరగతుల ఉపాధ్యాయుడయ్యెను. పర్లాకిమిడి అప్పుడు మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనిది. 1936 నుండి ఒడిశాలోనిది. సమీపమున కళాశాల లేదు. ఉద్యోగము విడిచి చదువుకొను స్థోమతు లేదు. ప్రైవేటుగా చదివి, మెట్టు మెట్టుగా పరీక్షలు వ్రాసి, 1890ల దశకమున బి.ఏ. పట్టమును పొందునప్పటికి ఆయనకు ముప్పదియేండ్లు దాటెను. ఉపాధ్యాయుడై పదునైదేండ్లు గడచెను. ఈ కాలముననే ఒక సవరవానిని ఇంట పెట్టుకొని సవరభాషను నేర్చుకొనెను. సవరలకు బడులు పెట్టి వారి భాషలో వాచకములు వ్రాసెను.

రామమూర్తిగారి పట్టమును ఆయన స్వయంకృషికి ముద్రగా పొగడి ఊరకుండుట మనకు అలవాటు. కాని ఒక ఉపాధ్యాయుడు పట్టమునకు చేరుటకు అంతటి మేధావి కావలసివచ్చినదనిన, ఆ మేధ లేని సామాన్యుల గతి యేమి? పర్లాకిమిడిలోనే ఆయనతోపాటు పనిచేసినవారిలో, గంజాం, విశాఖపట్టణము జిల్లాల వందల బడులలోనివారిలో, ఎందఱు ఒక పుస్తకము దొరకక, ఒక సందేహము తీర్చువాడు లేక ఆగిపోయిరో చెప్పుటకు ఆధారములు లేవు. విజయము పొందినవారి జీవితచరిత్రలే మనకు మిగులును. రామమూర్తిగారు తరువాత వాడుకభాషకై చేసిన పోరాటమున కూడ ఈ అనుభవము ఛాయ ఉన్నదని నా అభిప్రాయము. తాను నోటితో పలుకని భాషను తాను నేర్చి, దానినే పిల్లలచేత పలికించుటలో యోగ్యత యున్నదని ఒప్పుకొన్నచో, క్యాంబెల్ చూచిన చిలుకపలుకులే తిరిగివచ్చును. పత్రము దేనికి యోగ్యతయని అడిగిన తొలి ఉపాధ్యాయుడు ఆయనయే యనిన అతిశయోక్తి కాదు.

ప్రభుత్వమునకు ఈ లోపము తెలియదని చెప్పరాదు. 1904 మార్చి 11వ తేదీన వెలువడిన కర్జను ప్రభుత్వపు విద్యావిధాన తీర్మానములో చక్కని వాక్యములున్నవి. శిక్షణ ముగించుకొని బడికి పోయినవాడు నేర్చినదానిని మఱచి పాతదారి పట్టకుండ, శిక్షణకళాశాలకును పాఠశాలకును సంబంధము తెగకుండ కాపాడవలెననియు, శిక్షితులను అప్పుడప్పుడు మరల ఒకచోట చేర్చవలెననియు, ఇన్‌స్పెక్టర్లు ఇందుకు తోడ్పడవలెననియు దాని భావము. 1913 ఫిబ్రవరి 21వ తేదీ తీర్మానము ఇంకను ముందునకు పోయి, తుదకు యోగ్యతాపత్రము లేని యెవ్వనికిని బోధించు అనుజ్ఞ ఉండరాదని ప్రకటించెను. మొదటి తీర్మానము చేయూతను గూర్చినది. రెండవది ఆజ్ఞను గూర్చినది. కాలము గడచినకొలది రెండవదానికే చట్టబలము వచ్చెను. మొదటిదానికి 1955లో గాని ఒక రూపము రాలేదు. ఆ యేడు మాధ్యమిక విద్యకై అఖిలభారత మండలి ఏర్పడి, కొన్ని శిక్షణకళాశాలలలో విస్తరణసేవా శాఖలు తెఱువబడెను. ఐనను 1966లో కొఠారి సంఘము తన నివేదికలో, శిక్షణసంస్థలు బడులనుండి వేఱుపడి యున్నవనుటనే ప్రధానదోషముగా పేర్కొనవలసి వచ్చెను. మన శాఖలనుండి వెలువడిన తెలుగు పండితుల విషయమును ఇచ్చట తలపక తప్పదు. భాషాప్రవీణ, విద్వాన్ వంటి పట్టములు పొందియు, పండితశిక్షణ పత్రము వేఱుగ సంపాదింపవలసినవారు వారు. ప్రబంధములు కంఠస్థములైనవానికి ఆఱవతరగతి పిల్లవానికి పాఠము చెప్పు విధము తెలియవలెననుట సబబే. దానిని నేర్పుటకు సాహిత్యమునందు ఆదరము గల శిక్షకుడు దొరకినవాడు మాత్రము అదృష్టవంతుడు.

స్త్రీల విషయమున చరిత్ర కొంత భిన్నముగా నడచినది. మగవానికి పత్రము జీతము పెంచునది. ఇల్లు వెడలరాని బాలవితంతువునకు అది బ్రతుకుతెరువు. కావున ఆమెను చదివింపబూనినవారు పాఠముతో ఆగుట సాధ్యము కాలేదు. మదరాసులో సోదరి సుబ్బలక్ష్మి తానును బాలవితంతువు. 1911లో బి.ఏ. పట్టమును పొంది, మరుసటి యేడు శారదా మహిళాసమాజమును స్థాపించెను. నలుగురు బాలికలతో మొదలైన ఆమె వసతిగృహము క్రమముగా పెరిగి తిరువల్లిక్కేణి సముద్రతీరపు ఐస్ హౌసునకు చేరెను. ఆ బాలికలను ఉపాధ్యాయినులుగా తీర్చుట ఉద్దేశము. కూడు, గుడ్డ, నీడ, తలిదండ్రులకు నచ్చచెప్పుట, ఆచారములకు భంగము లేదని ఊరిని ఒప్పించుట, పరీక్షకు తోడుపోవుట ఇవన్నియు శిక్షణలోని భాగములే యయ్యెను. 1922లో లేడీ విల్లింగ్డన్ శిక్షణకళాశాల వెలసినపుడు సుబ్బలక్ష్మిగారే దానికి అధ్యక్షురాలైరి.

తెలుగునాట ఈ మార్గమును విస్తరింపజేసినవారు దుర్గాబాయమ్మగారు. 1909లో రాజమహేంద్రవరమున పుట్టి, బాల్యముననే కాకినాడలో స్త్రీలకు హిందీ బోధించి, తాను కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణురాలైన ఆమెకు ప్రైవేటు అభ్యర్థి కష్టము పుస్తకమువలన తెలిసినది కాదు. మదరాసులో బృందావనపు బాలికాసంఘముగ 1937లో మొదలైన ఆమె కృషి ఆంధ్రమహిళాసభగా ఎదిగెను. చదువు మధ్యలో ఆగిన వయోజనస్త్రీలను ఆ సభ కాశీ మెట్రిక్యులేషనుకు తయారుచేసెను. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. 1958లో ఆ మండలి దేశమంతట ప్రవేశపెట్టిన సంక్షిప్తపాఠ్యక్రమము ఈ యనుభవముననుండి పుట్టినదే. గ్రామములలో ఉపాధ్యాయినులు దొరకకున్న, ఊరిలోనే యున్న స్త్రీని చదివించి ఆమెనే ఉపాధ్యాయినిగా చేయవచ్చునను ఆలోచన అందున్నది. కష్టపడినవారు కష్టమును తొలగించు విధానమును నిర్మించుట చరిత్రలో అరుదు. రామమూర్తిగారి ఒంటరి ప్రయత్నమునకును దుర్గాబాయమ్మగారి ఏర్పాటునకును నడుమ గల భేదము ఇదియే.

ఇటీవలి దశకములను గూర్చి క్లుప్తముగా చెప్పుదును. 1980ల, 1990ల దశకములలో ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 398 రూపాయల వేతనముమీద స్పెషలు టీచర్లు నియమితులైరి. ఆ సంఖ్యయే వారికి పేరుగ నిలిచిపోయినది. తరువాత వచ్చిన అప్రెంటిసు విధానమునకు గూడ ఉపాధ్యాయుల జ్ఞాపకమున మిగిలిన అర్థము తక్కువ జీతమనియే. అప్రెంటిసు అనగా గురువువద్ద పని నేర్చువాడని ఆ మాటకు నిజమైన అర్థము! ఆ కాలముననే, బ్రిటనువారి సహాయముతో నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకమున, చుట్టుప్రక్కల బడుల వారు కూడుకొని పాఠములు చెప్పుకొని విమర్శించుకొను ఉపాధ్యాయకేంద్రములు వెలసినవి. 1904 నాటి తీర్మానము కోరినదానికి ఇంత దగ్గఱగ వచ్చిన ప్రయత్నము మన రాష్ట్రమున మఱియొకటి నాకు తెలియదు. పథకము 1990ల దశకమున ముగిసెను. 1986 జాతీయవిద్యావిధానము ననుసరించి జిల్లాకొక శిక్షణసంస్థ ఏర్పడెను. 1993లో జాతీయ ఉపాధ్యాయవిద్యా మండలికి చట్టబద్ధత వచ్చెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము కనీసయోగ్యతను నిర్బంధము చేసెను. 2010 ఆగస్టు 23వ తేదీ ప్రకటనతో అర్హతపరీక్ష వచ్చెను.

శిక్షణ లేక ఉద్యోగమున నున్నవారికి మొదట 2015 మార్చి 31 వఱకు గడువు. అది చాలక 2017లో చట్టమును సవరించి 2019 మార్చి 31 వఱకు పొడిగించిరి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదునెనిమిది నెలల డిప్లొమా ఏర్పాటు చేయగా దేశమంతట పదుమూడు లక్షలకు పైగా ఉపాధ్యాయులు పేర్లు నమోదు చేసికొనిరి. పాఠములు దూరదర్శన్ తెరమీదను, అంతర్జాలము మీదను. ఇంతమందిని ఇంత స్వల్పకాలమున చదివింపబూనుట సామాన్యమైన పని కాదు. కాని దాని తరువాతి కథ విచారకరము. ఆ పదునెనిమిది నెలల పత్రము రెండేండ్ల పత్రమునకు సమానమగునా కాదా యను వివాదము న్యాయస్థానములకు ఎక్కెను. క్రొత్త నియామకములకు సమానము కాదని 2023లో సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగములో నున్నవారికి మినహాయింపు కలదని 2024లో వివరించెను. ప్రభుత్వము పిలిచి చదివించిన చదువునకు విలువ ఎంతయో తెలిసికొనుటకు ఉపాధ్యాయుడు ఆఱేండ్లు వేచియుండవలసి వచ్చెను. అట్టివానిని మఱియొక పరీక్ష వ్రాయుమని ప్రోత్సహింపబూనువారు ముందు అతని సందేహమునకు సమాధానము చెప్పవలసియుండును.

2020 జాతీయవిద్యావిధానము అనుభవజ్ఞులచే ఉపాధ్యాయులకు మార్గదర్శనము చేయించుటకు ఒక జాతీయ కార్యక్రమమును ప్రకటించినది. కే షటిల్‌వర్తు లెక్కలోని ఐదు పౌనులను, మన్రో లెక్కలోని ఏడువందల రూపాయలను ఎఱిగినవారు ఇట్టి కార్యక్రమమును గూర్చి అడుగు ప్రశ్న ఒకటే: మార్గదర్శియగు ఉపాధ్యాయునకు వారములో ఎన్నిగంటలు విడుదల? ఆ గంటలకు అతని తరగతిని ఎవరు చూచెదరు?

పరిశోధకవిద్యార్థులకు ఒక మనవి. రాజమహేంద్రవరపు శిక్షణకళాశాల మొదలుకొని జిల్లాల పాత శిక్షణపాఠశాలల వఱకు, ప్రవేశపు రిజిస్టర్లు, మాదిరిపాఠముల విమర్శపుస్తకములు, ఇన్‌స్పెక్టర్ల తనిఖీ పుస్తకములు చెదలకు ఆహారము కాకమునుపే పరిశీలింపవలసియున్నవి. ఉపాధ్యాయుని సర్వీసు రిజిస్టరులో అతడు పరీక్షలో ఉత్తీర్ణుడైన తేదీ యుండును, దానివలన పెరిగిన జీతముండును. చదివించినవాని పేరు వ్రాయుటకు అందులో గడి లేదు. ఆ పేర్లు తెలిసిన వృద్ధోపాధ్యాయులు ప్రతి జిల్లాలోను ఇంకను కొందఱున్నారు. వారిని అడిగి వ్రాసికొనుట ఈ యేడే మొదలుపెట్టదగిన పని.